చలి పొద్దున మొరాయించే పాత సుమో: పంపు విప్పే ముందు చూడాల్సినవి

తమ్ముడూ, మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇది. మీరు ఉండేది ఒడిశాలో, కొరాపుట్ వైపు సెమిలిగుడలో. బండి 2004 నాటి టాటా సుమో, టర్బో లేని డీజిల్ ఇంజను. నవంబరు చివరి నుంచి పొద్దున్నే నాలుగైదు సార్లు సెల్ఫ్ కొడితే గానీ అందుకోవడం లేదు. అందుకున్నాక రెండు మూడు నిమిషాలు బండంతా వణుకుతుంది, వెనక తెల్ల పొగ. వేడెక్కాక మామూలే. దీనికి తోడు సాలూరు నుంచి పైకి వచ్చేటప్పుడు, సుంకి ఘాట్‌లో ఇదివరకు మూడో గేరులో ఎక్కిన చోట ఇప్పుడు రెండుకి దించాల్సి వస్తోంది. ఒక మెకానిక్ "పంపు ఖరాప్ హేలా" అన్నాడు, అంటే ఇంజనుకి డీజిల్ కొట్టే పంపు పాడైందని. ఇంకొకాయన పిస్టన్ రింగులు అయిపోయాయి, ఇంజను దించాలి అన్నాడు. కొత్త బ్యాటరీ వేసినా మార్పు లేదు. ఆయిల్ మాత్రం పెద్దగా తినడం లేదు.

ఆ ఆఖరి ముక్క మీరు మాటవరసకి రాసినట్టున్నారు గానీ నాకు అన్నిటికంటే పనికొచ్చింది అదే. రింగులు నిజంగా అయిపోయిన బండి ఆయిల్ తాగుతుంది, నీలం పొగ వదులుతుంది, ఇంజను నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే లోపలి నుంచి గాలి గుప్పుగుప్పున కొడుతుంది. ఆ మూత ఒకసారి తీసి చూడండి. సన్నగా ఆవిరిలాంటిది వస్తే ఈ వయసు బండికి అది సహజం. మూతని బోర్లించి అక్కడే వదులుగా పెడితే ఎగిరి పడేంత గాలి రాకపోతే, ఇంజను దించే మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

మాది సాలూరే. లారీల మధ్య పుట్టి పెరిగి, జయపురంలో షెడ్డు పెట్టుకుని ఇరవై ఆరేళ్లయింది. ఈ పీఠభూమి మీద ప్రతి డిసెంబరులో మీలాంటి బండ్లు వరసకట్టి వస్తాయి. వాటిలో పంపు నిజంగా పోయినవి తక్కువ. పంపు విప్పించుకున్నవి ఎక్కువ.

మీ బండికి ఉన్నది ఒక జబ్బా రెండా అన్నది ముందు తేల్చుకోవాలి. పొద్దున మొరాయించడం ఒకటి, ఘాట్‌లో లాగకపోవడం ఒకటి. రెండూ ఒకే నెలలో బయటపడ్డాయని రెండిటికీ కారణం ఒకటే అవ్వాలని లేదు. ఒకటే అయితే మాత్రం అది చాలావరకు డీజిల్ వచ్చే దారిలో ఉంటుంది. ఎందుకో తర్వాత చెప్తాను.

డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ ఉండదు కదా. గాలిని నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. మీ సుమోలో ఉన్న 1948 సీసీ ఇంజను ఇన్‌డైరెక్ట్ ఇంజెక్షన్ రకం. అంటే డీజిల్ సరాసరి పిస్టన్ మీద పడదు, సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్‌లోని చిన్న గదిలో ముందు అంటుకుని అక్కడి నుంచి బయటికి వస్తుంది. ఆ గది గోడలు చల్లగా ఉంటే నొక్కిన గాలి వేడిని అవే పీల్చేసుకుంటాయి. అందుకే ఈ రకం ఇంజనుకి హీటర్ ప్లగ్గులు పెట్టారు. విజయనగరంలో అవి నాలుగూ చచ్చిపోయినా బండి ఎలాగో నడిచిపోతుంది. సెమిలిగుడ, పొట్టంగి వైపు పొద్దున ఉష్ణోగ్రత సింగిల్ డిజిట్‌కి దిగినప్పుడు మాత్రం రెండు ప్లగ్గులు పోయినా మీరు చెప్పిన లక్షణాలన్నీ కనిపిస్తాయి. బాగున్న రెండు సిలిండర్లు ముందు అందుకుంటాయి, మిగతా రెండు వేడెక్కేదాకా కాలని డీజిల్‌ని తెల్ల పొగగా వదులుతాయి. బండి వణికేది అందుకే. ఆ పొగ దగ్గర నిలబడితే కళ్లు మండుతాయి, పచ్చి డీజిల్ వాసన వస్తుంది. అలా కాకుండా తియ్యటి వాసన వచ్చి, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ కింద ఉండే గ్యాస్కెట్ పోయినట్టు. అప్పుడు నేను కింద చెప్పేవన్నీ వదిలేసి ముందు ఆ పని చూడండి.

డ్యాష్‌బోర్డు మీద చుట్టలాంటి బొమ్మ ఉన్న దీపం వెలిగి ఆరుతోంది కాబట్టి హీటర్లు బాగున్నట్టే అని చాలామంది చెప్తారు. ఆ దీపానికి ప్లగ్గుల సంగతి తెలియదు. దాని లెక్క దానిది. రేపు పొద్దున ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయండి. కీ తిప్పి, దీపం ఆరాక సెల్ఫ్ కొట్టకుండా ఆపేసి, మళ్లీ తిప్పండి. ఇలా రెండుసార్లు వేడి చేసి అప్పుడు కొట్టండి. బండి చెప్పుకోదగ్గంత తేలిగ్గా అందుకుంటే తప్పు హీటర్ల వైపే ఉంది, కొన్ని పనిచేస్తున్నాయి, కొన్ని లేదు. ఏ తేడా లేకపోతే ప్లగ్గులకి అసలు కరెంటే వెళ్లడం లేదేమో, లేదంటే జబ్బు వేరే చోట ఉంది.

కరెంటు సంగతి తేల్చడానికి మల్టీమీటరు చాలు. ప్లగ్గులన్నిటినీ కలుపుతూ ఒక ఇనుప పట్టీ ఉంటుంది. కీ హీటర్ పాయింట్‌లో ఉండగా ఆ పట్టీకీ ఇంజను బాడీకీ మధ్య 11 వోల్టుల దాకా రావాలి. రాకపోతే రిలే, ఫ్యూజు, వైరు చూడండి. వస్తుంటే పట్టీ విప్పేసి ఒక్కో ప్లగ్గు రెసిస్టెన్సు కొలవండి. మంచి ప్లగ్గు ఒక ఓమ్ అటూ ఇటూ చూపిస్తుంది. మీటరు కదలకపోతే ఆ ప్లగ్గు పోయినట్టే. మీటరు లేకపోతే టెస్టు ల్యాంపు ఒక కొస బ్యాటరీ ప్లస్‌కి పెట్టి, రెండో కొస ప్లగ్గు తలకి ఆనించండి. దీపం వెలగకపోతే ప్లగ్గు మార్చాల్సిందే. నాలుగూ ఒకేసారి మార్చేయండి, ఒక్కటి మార్చి పొదుపు చేయొద్దు. విప్పేటప్పుడు ఇంజను కొంచెం వేడిగా ఉండాలి, ముందు రోజు రాత్రి తుప్పు వదిలే ఆయిల్ పోసి ఉంచాలి. బలం ఉపయోగిస్తే ప్లగ్గు హెడ్‌లోనే విరుగుతుంది, అప్పుడు మూడు వందల పని మూడు వేలు దాటుతుంది. తీశాక కొసలు చూడండి. ఒక్క ప్లగ్గు కొసే కాలి, ఉబ్బి ఉంటే ఆ సిలిండర్‌లోకి డీజిల్ చల్లే నాజిల్ కారుతోందని అర్థం. ఆ నాజిల్‌కి గుర్తు పెట్టుకోండి.

ఇక ఎయిర్, అంటే డీజిల్ లైన్లోకి గాలి చేరే సంగతి. నా అనుమానం ఎక్కువగా దీని మీదే.

ట్యాంకు నుంచి పంపు దాకా డీజిల్‌ని ఎవరూ తోయరు, లాక్కోవాలి. లాగే దారిలో ఎక్కడైనా సన్న పగులు ఉంటే డీజిల్ బయటికి కారదు, బయటి గాలి లోపలికి పోతుంది. అందుకే తడి కనిపించదు, లీకు లేదని మెకానిక్ చెప్పేస్తాడు. పగలంతా బండి నడుస్తుంటే కొద్దిపాటి గాలి డీజిల్‌తో పాటే కొట్టుకుపోతుంది, మనకి తెలియదు. రాత్రి బండి ఆపాక ఆ పగులు గుండా గాలి చేరి, పైపులో ఉన్న డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. పొద్దున పంపుకి ముందు ఖాళీ పైపు దొరుకుతుంది. నాలుగైదు సార్లు సెల్ఫ్ కొట్టేది ఆ ఖాళీ నిండడానికే. అదే పగులు ఘాట్‌లో కూడా దెబ్బ తీస్తుంది. ఎక్కుడులో పంపు ఎక్కువ డీజిల్ అడుగుతుంది, లాగే బలం పెరిగితే గాలి కూడా ఎక్కువ చొరబడుతుంది, బండి నీరసపడుతుంది. రెండిటికీ కారణం ఒకటే అయితే అది డీజిల్ దారిలో ఉంటుందని అన్నది ఇందుకే.

దీనికీ ఖర్చు లేని పరీక్ష ఉంది. పొద్దున కీ తిప్పే ముందు బోనెట్ ఎత్తి, ఫిల్టరు దగ్గర ఉన్న చేతి ప్రైమర్‌ని (డీజిల్‌ని చేత్తో నొక్కి ఎక్కించేది) గట్టిపడేదాకా నొక్కండి. మొదట మెత్తగా దిగిపోతూ, పాతిక ముప్పై సార్లు నొక్కాక గట్టిపడితే లైన్లో గాలి ఉన్నట్టు. ఆ తర్వాత మామూలుగా హీటర్ వేసి కొట్టండి. మొదటి దెబ్బకే అందుకుంటే జబ్బు దొరికింది. ప్రైమర్ మొదటి నుంచీ గట్టిగానే ఉంటే ఎయిర్ కాదు, హీటర్ల వైపు వెళ్లండి. ఒకే రోజు రెండు పరీక్షలూ కలిపి చేయకండి, దేనివల్ల అందుకుందో తెలియదు. ఒక పొద్దున హీటర్ రెండుసార్లు, ఇంకో పొద్దున ప్రైమర్.

గాలి ఉందని తేలితే ఎక్కడ చొరబడుతోందో వెతకాలి. పంపుకి డీజిల్ వచ్చే చోట జానెడు పారదర్శక పైపు ముక్క తాత్కాలికంగా క్లాంపులతో బిగించి ఇంజను నడపండి. బుడగలు కనిపిస్తాయి. తర్వాత ట్యాంకు వైపు నుంచి ఒక్కో జాయింటూ చూసుకుంటూ రండి. ట్యాంకు దగ్గర ఛాసిస్ మీదుగా వచ్చే రబ్బరు పైపు, ఫిల్టరు పైన ఉండే రబ్బరు రింగు, ఫిల్టరు కింద నీళ్లు వదిలే స్క్రూ, ప్రైమర్ ప్లంజరు, బాంజో బోల్టుల (డీజిల్ లోపలి నుంచి పోయే బోలు బోల్టులు) కింది రాగి వాషర్లు. నాజిళ్ల మధ్య గుడ్డ చుట్టినట్టుండే సన్న రిటర్ను పైపులు కూడా ఇరవై ఏళ్లకి పెంకులా ఎండిపోతాయి. అవి మీటరు లెక్కన దొరుకుతాయి, మొత్తం మార్చినా ఒక పూట టిఫిన్ ఖర్చు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఈ తప్పు నేనూ చేశాను. షెడ్డు పెట్టిన కొత్తలో బొరిగుమ్మ వైపు నుంచి ఒక కమాండర్ జీపు వచ్చింది. ఇవే లక్షణాలు. చూడగానే పంపు అన్నాను. విప్పి, బస్సులో వేసి, కిందికి ఒక పంపుల షాపుకి పంపాను. వారం తర్వాత బాగుచేసిన పంపు వచ్చింది, బిగించాను, మర్నాడు పొద్దున అదే కథ. రెండు రోజులు తల బాదుకున్నాక ఫిల్టరు హెడ్ దగ్గర ఒక రాగి వాషరు దొరికింది, గోటితో గీరితే తెలిసేంత గీత దాని మీద. ఆ పంపు ఖర్చు సగం నేనే పెట్టుకున్నాను. ఆ జీపు ఓనరు ఇప్పటికీ షెడ్డుకి వస్తే "వాషర్ బాబూ" అనే పిలుస్తాడు.

బ్యాటరీ కొత్తది వేశానన్నారు, మంచిదే. కానీ కొత్త బ్యాటరీ ఉన్నా ఎర్త్ పట్టీ తుప్పు పట్టి ఉంటే సెల్ఫ్ నెమ్మదిగా తిరుగుతుంది, తిరగడం నెమ్మదైతే గాలి వేడెక్కదు. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ మీద 9.6 వోల్టులకి తగ్గకూడదు. అదే సమయంలో బ్యాటరీ మైనస్‌కీ ఇంజను దిమ్మకీ మధ్య అర వోల్టు కూడా కనిపించకూడదు. కనిపిస్తే ఆ పట్టీ విప్పి ఉప్పు కాగితంతో రుద్ది బిగించండి. ఇంజను ఆయిల్ మందంగా ఉన్నా ఇదే బాధ. కింది ఊళ్లలో 20డబ్ల్యూ-50 పోసేవాళ్లు ఉన్నారు. మన కొండ మీద చలికాలం 15డబ్ల్యూ-40 పోయండి.

డీజిల్ కూడా చలికి మారుతుంది, అందులోని మైనం గడ్డకట్టి ఫిల్టరుకి అడ్డుపడుతుంది. మన దేశంలో డీజిల్ ప్రమాణం ఐఎస్ 1460 ప్రకారం చలికాలపు డీజిల్, ఎండాకాలపు డీజిల్ వేరు. వేసవి డీజిల్‌కి 18 డిగ్రీల దాకా ఫిల్టరు మూసుకుపోయే అవకాశం ఇచ్చారు, చలికాలపు డీజిల్‌కి అది 6 డిగ్రీలే. మీరు రోజూ బండి తీసేవాళ్లయితే పట్టించుకోనక్కర్లేదు. సెప్టెంబరులో డబ్బాల్లో తెచ్చి దాచిన డీజిల్ పోస్తుంటే మాత్రం మానేయండి. మైనం ఒక్కటే కాదు, డబ్బా అడుగున నీళ్లు, మట్టి ఉంటాయి.

కొన్ని చోట్ల డ్రైవర్లు ఆయిల్ చాంబర్ కింద మంట పెడతారు, మీరు చూసే ఉంటారు. ఇంకొందరు ఎయిర్ పైపులోకి స్టార్టింగ్ స్ప్రే కొడతారు. హీటర్ ప్లగ్గులున్న ఇంజనుకి ఆ స్ప్రే ఎప్పుడూ వద్దు. ఎర్రగా కాలిన ప్లగ్గు మీద ఆ ఆవిరి పడితే పిస్టన్ పైకి రాకముందే పేలుతుంది, పిస్టనో హెడ్డో పగులుతుంది.

ఇప్పుడు ఘాట్ దగ్గరికి వద్దాం. మీ సెమిలిగుడ సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి సాంద్రత మైదానం కంటే పదో వంతు దాకా తక్కువ. టర్బో లేని ఇంజను ఆ మేరకు బలం కోల్పోతుంది. కొత్తప్పుడే డెబ్బై గుర్రాల బలం లేని బండి, దానికి పైన తొమ్మిది మంది జనం. కాబట్టి కొంత నీరసం కొండదే, బండిది కాదు. కానీ మీరు ఇదివరకటితో పోల్చి చెప్పారు, అదే కొండ, అదే బరువు. అంటే నిజంగానే ఏదో తగ్గింది.

ఏది తగ్గిందో పొగ చెప్తుంది. సుంకి దాటి ఎక్కుడులో బండి నీరసపడ్డప్పుడు ఎక్సలేటర్ పూర్తిగా తొక్కి పట్టుకోండి, వెనక సీట్లో ఎవరినైనా పొగ చూడమనండి. నల్లగా దట్టంగా వస్తుంటే డీజిల్ వస్తోంది, గాలి చాలడం లేదు. ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. దామన్‌జోడి వైపు ఎర్ర దుమ్ములో తిరిగే బండ్లకి కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల లెక్క పనిచేయదు, సగానికే నిండిపోతుంది. ఫిల్టరు బాగుంటే నాజిళ్ల మీద అనుమానం పెట్టుకోండి.

నల్ల పొగ రాకుండానే బండి చచ్చుబడితే పంపుకి డీజిలే అందడం లేదు. మీ బండిలో ఇదే జరుగుతుందని నా అంచనా. అప్పుడు అక్కడే బండిని పక్కకి ఆపి డీజిల్ ట్యాంకు మూత తీయండి. బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుని, ఆ తర్వాత బండి కొంతసేపు బాగా లాగితే ట్యాంకు గాలి రంధ్రం మూసుకుపోయింది. తేడా లేకపోతే ఫిల్టరు మార్చండి, ట్యాంకు అడుగున ఉండే జల్లెడ కడిగించండి. ఇరవై ఏళ్ల ట్యాంకులో ఏం దొరుకుతుందో చెప్పలేం. ఒకసారి నాకు పాన్ పరాగ్ పొట్లం దొరికింది.

ఇంకా చిన్న పని ఒకటి ఉంది, అందరూ మర్చిపోయేది. ఇంజను ఆపి, ఒకరు ఎక్సలేటర్ పూర్తిగా తొక్కి పట్టుకోండి, ఇంకొకరు పంపు మీది లివర్ చివరి స్టాపర్ దాకా వెళ్తోందో లేదో చూడండి. కేబుల్ సాగిపోయి ఉంటుంది, లేదా కొత్త మ్యాట్ పెడల్ కింద అడ్డుపడుతుంది. ముప్పావు ఎక్సలేటర్ మీదే ఘాట్ ఎక్కుతున్న బండ్లు నేను చాలా చూశాను. క్లచ్ జారుతుంటే ఇంజను శబ్దం పెరుగుతుంది, వేగం పెరగదు. బ్రేకులు పట్టేసి ఉంటే పది కిలోమీటర్లు నడిపి ఆపాక ఒక చక్రం డిస్కు మిగతావాటికంటే వేడిగా ఉంటుంది. ఈ రెండూ మీకే తెలిసిపోతాయి.

ఇవన్నీ సరిగా ఉండి కూడా పొద్దున తెల్ల పొగ, వణుకు తగ్గకపోతే అప్పుడు నాజిళ్లు. ఇంజను ఐడ్లింగ్‌లో ఉండగా నాజిల్‌కి వచ్చే స్టీలు పైపు నట్టుని ఒక్కోటి పావు చుట్టు వదులు చేసి చూడటం పాత పద్ధతి. వదులు చేసినా ఇంజను శబ్దం మారని సిలిండర్ పనిచేయనిది. మీరు సొంతంగా చేయొద్దు, చేతికి పని వచ్చినవాళ్లతో చేయించండి. ఆ పైపులో ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, అది చిన్న గాయంలా కనిపించి వేలు తీసేదాకా వస్తుంది. నాజిళ్లు విప్పితే కింది వాషర్లు కొత్తవే వేయమనండి. టెస్టింగ్ మిషను మీద మీ కళ్ల ముందే పెట్టించండి. ధార సన్నటి పొగమంచులా రావాలి. కొసన బొట్టు వేలాడకూడదు.

కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని నొక్కినప్పుడు వచ్చే ఒత్తిడి) కూడా అదే రోజు, హీటర్ ప్లగ్గుల రంధ్రాల్లోంచి చూపించుకోండి. పెట్రోలు బండి గేజితో కాదు, డీజిల్ గేజి కావాలి. 25 బార్ దాటి వస్తూ నాలుగు సిలిండర్ల మధ్య తేడా మూడు నాలుగు బార్లకి మించకపోతే ఆ రింగుల మేస్త్రికి నమస్కారం పెట్టి వచ్చేయండి. ఒక్క సిలిండరే బాగా తక్కువ ఉంటే ముందు ట్యాపెట్ గ్యాపులు (వాల్వుల దగ్గర ఉండాల్సిన సందులు) సరిచేయించి మళ్లీ చూడమనండి. వాల్వు పూర్తిగా మూసుకోకపోయినా అలాగే చూపిస్తుంది.

అన్నీ అయ్యాక కూడా పంపు దగ్గరికే రావాల్సి వస్తే, ముందు టైమింగ్, అంటే పంపు డీజిల్ కొట్టే సమయం సరిగా ఉందో లేదో చూపించండి. ఎప్పుడో పంపు తీసి బిగించినప్పుడు గుర్తు కొంచెం వెనక్కి జరిగి ఉంటే పొద్దున తెల్ల పొగ, ఎక్కుడులో నీరసం రెండూ వస్తాయి. పంపు విప్పకుండానే సరిచేసే పని అది. ఇక విప్పక తప్పదంటే, బోల్టులు వదులు చేయకముందే పంపుకీ ఇంజనుకీ కలిపి ఉలితో సన్నటి గీత కొట్టించి, ఫోన్‌లో ఫోటో తీసుకోండి. తిరిగి బిగించేటప్పుడు ఆ గీత కలిసిందో లేదో మీరే వంగి చూసుకోండి.